పాత పటములు, ఛాయాచిత్రములు, వాని పునరుద్ధరణము
(కాడుగోడి పరిసరములు దృష్టాంతముగా)

ఉపోద్ఘాతము

బెంగళూరు నగరమునకు తూర్పున నున్న కాడుగోడి ఒక తరమునకు పూర్వము చెరువుల నడుమ, రాగిచేల నడుమ నున్న గ్రామము. నేడు మహానగరములో నొక భాగము. 2023 మార్చి 25వ తేదీన కృష్ణరాజపురమునుండి ఇచ్చటికి మెట్రో రైలుమార్గము ప్రారంభింపబడినది. ఆ మార్గపు చివరి స్టేషనునకు వైట్‌ఫీల్డు అనియు కాడుగోడి అనియు రెండు పేర్లును వ్రాయబడియున్నవి. ఒకే తావునకు రెండు పేరులేల? వానిలో ముందుదేది, వెనుకటిదేది? ఆ చెరువుల కట్టలెచ్చట నుండెను? ముప్పది యేండ్లలోపు వయస్సుగల వారిలో ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పగలవారు అరుదు. పెద్దల జ్ఞాపకములను విడిచినచో ఇట్టి ప్రశ్నలకు మూడు విధములైన సాక్ష్యములు మిగిలియున్నవి: శిలాశాసనములు, పాత పటములు, పాత ఛాయాచిత్రములు. రాయి అరుగుచున్నది, కాగితము చిరుగుచున్నది, ఛాయ వెలిసిపోవుచున్నది. ఈ మూటిని కంప్యూటరు సాయముతో కాపాడు మార్గములు ఇటీవల ఏర్పడినవి. ఆ మార్గములెట్టివి, వానిలో చేయదగినదేది, చేయరానిదేది యని విచారించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

రాతిలోని సాక్ష్యము

కాడుగోడి కాశీవిశ్వేశ్వరాలయమున 1043వ సంవత్సరపు తమిళశాసన మొకటి కలదు. అది రాజేంద్రచోళుని కాలపుది. పెర్మాడి గావుండుని కుమారుడగు రాజరాజవేళాన్ పట్టందూరు చెరువును, దాని తూములను నిర్మింపజేసి, దుర్గను, క్షేత్రపాలుని, గణపతిని ప్రతిష్ఠించినట్లు ఆ శాసనము తెలుపుచున్నది. కన్నడమున 'కోడి' యనగా చెరువు అలుగు. 'కాడు' అనగా అడవి. ఊరి పేరును విడదీసి చూచినవారికి అడవియు, అలుగును రెండును స్ఫురించును. నేడు పట్టందూరు అగ్రహారమున అడవియు లేదు, అలుగును కానరాదు. సాఫ్టువేరు సంస్థల భవనములును, మెట్రో స్టేషనును కనబడును. తొమ్మిది వందల యెనుబది సంవత్సరముల క్రిందట ఒకడు చెరువు త్రవ్వించెనని చెప్పుటకు ఆ రాయియే సాక్షి.

ఇట్టి రాళ్లను వెదకి, పాఠములు వ్రాయించి ప్రకటించిన మహాకార్యము బి. ఎల్. రైసు పండితునిది. ఆయన ప్రకటించిన ఎపిగ్రాఫియా కర్ణాటికా సంపుటములలో బెంగళూరు జిల్లా సంపుటము 1905లో వెలువడినది. అటుపిమ్మట నగరము పెరిగి, రోడ్లు వెడల్పయి, ఆ రాళ్లలో పెక్కులు కనుమరుగైనవి. 1909లో స్థాపితమైన మిథిక్ సొసైటీ అను విద్వత్సంస్థ 2021 జనవరి నుండి బెంగళూరు శాసనములను త్రిమాన స్కానింగు పద్ధతిని భద్రపరచు కార్యమునకు పూనుకొన్నది. ఈ పద్ధతిలో రాతి ఉపరితలముయొక్క ఎత్తుపల్లములు మిల్లీమీటరులో చిన్న భాగమువరకు కొలువబడును. తరువాత కంప్యూటరుపై ఆ రూపమునకు ఏ దిక్కునుండియైనను వెలుతురు ప్రసరింపజేయవచ్చును. పూర్వులు సాయంకాలపు ఏటవాలు ఎండలో శాసనములను చదివినట్లే, వ్రేలితో తడిమినను తెలియని అక్షరము ఈ వెలుగులో బయటపడును.

ఇచ్చట ఒక్క సంగతి గమనింపదగినది. ఈ పద్ధతి రాతికి ఏమియు చేర్చదు. రాతిలో నున్నదానిని కంటికి తెచ్చుటయే దాని పని. పునరుద్ధరణ మంతటికిని ఇదియే సూత్రమై యుండవలయును. ఉన్నదానిని చూపవలయును గాని, లేనిదానిని చేర్చరాదు. రాతి విషయమున ఈ సూత్రము సులభముగా పాటింపబడుచున్నది. పటముల విషయమునను, ఛాయాచిత్రముల విషయమునను అది తరచుగా మరువబడుచున్నది.

పటములు, వాని వెనుక నున్న తెలుగువారు

1799లో శ్రీరంగపట్టణము పతనమైన వెంటనే మైసూరు రాజ్యమును కొలిచి పటములు గీయు పని ప్రారంభమైనది. ఆ సర్వేకు అధిపతి స్కాట్లండు దేశీయుడగు కాలిన్ మెకంజీ. సుమారు 40,000 చదరపు మైళ్ల భూమిని ఆయన బృందము కొన్ని యేండ్లపాటు సర్వే చేసెను. ఆ కాలముననే 1800లో విలియం లాంబ్టన్ బెంగళూరు సమీపమున ఏడు మైళ్లకు పైబడిన ఆధారరేఖను గొలుసుతో కొలిచి, త్రిభుజముల సాయముతో దూరములు గణించు సర్వేకు ప్రయోగము చేసెను. తరువాత 1802లో చెన్నపట్టణమున సెయింటు థామస్ మౌంటు చెంత కొలిచిన రేఖతో మహా త్రిభుజమితి సర్వే ప్రారంభమయ్యెను. అనగా భారతదేశపు శాస్త్రీయ పటనిర్మాణమునకు తొలి అడుగులు పడిన తావులలో బెంగళూరు ఒకటి.

మెకంజీ సంగ్రహించినది కేవలము కొలతలు కాదు. ఊరి పేరు, చెరువు పేరు, దేవాలయపు కథ, పాళెగాండ్ర వంశావళి, శాసనపాఠము ఇవన్నియు ఆయన సేకరింపజేసెను. ఈ పనిలో ఆయనకు కుడిభుజమై నిలిచినవారు ఏలూరునకు చెందిన కావలి సోదరులు. వారిలో కావలి వెంకట బొర్రయ్య పూర్వ కన్నడ లిపిని చదువు మార్గమును కనుగొన్న మేధావి. 1803లో, ముప్పది యేండ్లయిన నిండకుండగనే, మరణించెను. ఆయన సోదరుడు లక్ష్మయ్య ఆ భారము వహించి మెకంజీ మరణించువరకు, అనగా 1821 వరకు, పని సాగించెను. మఱియొక సోదరుడు రామస్వామి 1829లో దక్షిణాపథ కవుల జీవితములను ఆంగ్లమున ప్రకటించెను. మెకంజీ మరణానంతరము ఆయన పరిశోధనను తనకు అప్పగింపుమని లక్ష్మయ్య 1830 తరువాత చేసిన ప్రయత్నమునకు ఆంగ్లేయ విద్వాంసుల ఆమోదము లభింపలేదు.

1816లో థామస్ హికీ అను చిత్రకారుడు మెకంజీ చిత్తరువును వ్రాసెను. అందు మెకంజీతోపాటు ముగ్గురు భారతీయ సహాయకులు కూడ కలరు. మెకంజీ ఎవరో చూచిన ప్రతివానికి తెలియును. మిగిలినవారిని గుర్తించుటకు పండితులు గ్రంథములు తిరుగవేయవలసి వచ్చినది. రంగు చెడలేదు, గుడ్డ చిరుగలేదు. చిత్రము చెక్కుచెదరకుండనే అందలి మనుష్యుల పేరులు మాసిపోవచ్చునని దీనివలన తెలియుచున్నది. ఇది ఆ ఒక్క చిత్రమునకే పరిమితమైన లోపము కాదు. ప్రతి యింటి ఆల్బములోను జరుగుచున్నదే.

పటమును చదువు విధము

పాత పటము చేతికి వచ్చినప్పుడు చేయవలసిన మొదటి పని దాని కాలమును నిర్ణయించుట. పటముపై సంవత్సరము లేకున్నను లోపలి గుర్తులే కాలమును చెప్పును. బెంగళూరు కంటోన్మెంటునుండి జోలార్‌పేటకు రైలుమార్గము 1864లో తెరువబడినది. వైట్‌ఫీల్డు అను వలస, మహారాజు చామరాజేంద్ర ఒడెయరు యురేషియను, ఆంగ్లో ఇండియను సంఘమునకు భూమి నొసగుటచే 1882లో ఏర్పడినది. సంఘనాయకుడగు వైటు దొర పేరు దానికి వచ్చినది. కావున కాడుగోడి ప్రక్కగా రైలుకట్ట గీయబడిన పటము 1864కు పూర్వపుది కానేరదు. వైట్‌ఫీల్డు పేరున్నది 1882కు పూర్వపుది కానేరదు. స్టేషను పేరులోని చిక్కు కూడ ఇందుచే విడిపోవుచున్నది. కాడుగోడి వేయేండ్లనాటి శాసనము గల ఊరు. వైట్‌ఫీల్డు నూటనలుబది యేండ్ల పేరు. రైలు స్టేషను కాడుగోడి చెంతనే యున్నను, పేరు మాత్రము క్రొత్త వలసదే నిలిచినది. అయితే ఒక హెచ్చరిక: ఒక గుర్తు పటమున లేనంతమాత్రమున అది భూమిపైన లేదనరాదు. పాత పలకపై క్రొత్త సంగతులను కొన్నింటినే చేర్చి మరల అచ్చొత్తుట సర్వేశాఖలలో వాడుకయే.

రెండవ పని స్కానింగు. ఇచ్చట చిన్న లెక్క యవసరము. మైలుకు ఒక అంగుళము చొప్పున గీయబడిన పటమును అంగుళమునకు 300 బిందువుల చొప్పున స్కాను చేసినచో, ఒక్కొక్క బిందువు భూమిపైన 17.6 అడుగులకు సమానమగును. 600 బిందువుల చొప్పున చేసినచో 8.8 అడుగులకు సమానమగును. కలము గీత అంగుళములో యాబదవ వంతు మందముగ నున్నదనుకొన్నచో, ఆ గీతయే భూమిపైన 105 అడుగుల వెడల్పును ఆక్రమించును. కావున అట్టి పటమును చూపి చెరువు హద్దును అడుగులతో నిర్ణయించుట సాధ్యము కాదు. మైలుకు ఎనిమిది అంగుళముల చొప్పున గీయబడిన గ్రామపటములలో అంగుళమునకు 660 అడుగులు, అనగా పది గొలుసులు. అందు అదే గీత 13 అడుగులు మాత్రమే. హద్దుల వివాదములకు ఇట్టి పటములను చూడవలయును. స్కాను ఎంత స్పష్టముగ నున్నను, మూలపటములో లేని సూక్ష్మత దానికి రాదు.

మూడవ పని పాత పటమును నేటి భూమితో సరిపోల్చుట. దీనికి నిశ్చలమైన గుర్తులు కావలయును: దేవాలయము, చెరువుకట్ట చివరలు, రైలువంతెన, గుట్ట శిఖరము మొదలగునవి. వీని నేటి అక్షాంశ రేఖాంశములను కంప్యూటరునకు తెలిపినచో, అది పటమును సాగదీసి, త్రిప్పి, నేటి పటముపై కూర్చుండబెట్టును. నాలుగు గుర్తులతో పని జరుగునుగాని, పదిపండ్రెండు గుర్తులు పటమంతట చెదరియుండుట మేలు. ఏలయన కాగితము తేమకు ఒకవైపు ఎక్కువగను, ఒకవైపు తక్కువగను సాగియుండును. మడతలవద్ద పొరపాటు మెండు. ఏ గుర్తు ఎన్ని అడుగులు తప్పినదో కంప్యూటరు చూపును. ఆ లెక్కను దాచక పటముతోపాటు ప్రకటించుట నిజాయితీ. తప్పు పెద్దదైనప్పుడు గుర్తునే మార్చి లెక్కను అందముగ చేసికొనువారు చరిత్రకు ఉపకారము చేసినవారు కారు.

నాలుగవది, తెలుగువారికి ముఖ్యమైనది, పేర్ల విషయము. ఆంగ్లేయుల పటములలో మచిలీపట్టణము మసూలిపటముగను, కాకినాడ కోకనాడగను, ఏలూరు ఎల్లోరుగను కనబడును. కాడుగోడికి సమీపమున నున్న హొసకోట 1791 నాటి యుద్ధవృత్తాంతములలో ఊస్కోటాయై కూర్చున్నది. పునరుద్ధరించువాడు వీనిని తప్పులని తలచి పటముపైననే దిద్దినచో ఆ కాలపు ఉచ్చారణ సాక్ష్యము నశించును. పటముపై పేరును ఉన్నదున్నట్లుంచి, ప్రక్కన సూచికలో నేటి పేరును వ్రాయవలయును. ఈ సూచిక వ్రాయుటకు యంత్రము చాలదు; తెలుగు, కన్నడ, తమిళ గ్రామనామముల పోలికలు తెలిసిన మనిషి కావలయును. నాడు కావలి సోదరులు చేసిన పని నేడును మనుష్యులే చేయవలసియున్నది.

ఛాయాచిత్రములు

ప్రతిబింబమును నిలుపు విద్య 1839లో ఐరోపాలో ప్రకటితమైన కొలది యేండ్లకే భారతదేశమునకు వచ్చినది. బెంగళూరులోని సైన్యమున నుండిన లిన్నేయస్ ట్రైపు 1854లో హళేబీడు, బేలూరు దేవాలయములను చిత్రించెను. ఆయనయే 1858లో చెన్నపట్టణపు మ్యూజియమున నుండిన అమరావతి శిల్పములకు ఛాయాచిత్రములు తీసెను. ఆ శిల్పములు 1845లో వాల్టరు ఇలియటు త్రవ్వించినవి. తరువాత లండనునకు పంపబడినవి. అంతకుముందే 1816 మొదలు మెకంజీ చిత్రకారులు అమరావతి స్తూపపు పలకలను చూచి చిత్రములు గీసియుండిరి. ఆ పలకలలో పెక్కులు సున్నపు బట్టీల పాలయినవి. పోయిన పలకలకు ఆ చిత్రములే నేటికి మిగిలిన రూపము. ప్రతికృతి యొక్కొక్కప్పుడు మూలమునకు ఏకైక వారసురాలగునని దీనివలన తేలుచున్నది. హైదరాబాదున ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడగు రాజా దీనదయాళు తీసిన 2,800లకు పైబడిన గాజుపలకలను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము 1989లో సేకరించి కాపాడుచున్నది.

రాజాస్థానముల చిత్రములకు రక్షకులు కలరు. సామాన్యుల యిండ్లలోని చిత్రములకు లేరు. కాడుగోడికి పడమరగా 1940లో విమాన కర్మాగారము, 1948లో టెలిఫోను కర్మాగారము వెలసిన తరువాత ఆంధ్రదేశమునుండియు, రాయలసీమనుండియు, కోలారు ప్రాంతమునుండియు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు పెక్కులు. వారి యిండ్లలోని ఇనుపపెట్టెలలో పెండ్లి చిత్రములు, గృహప్రవేశపు చిత్రములు, పాఠశాల బృంద చిత్రములు కలవు. ఆ చిత్రముల వెనుకభాగమున, మనుష్యుల వెనుక దూరముగ, నేడు లేని చెరువు, నేడు లేని బావి, నేడు లేని చింతతోపు కనబడవచ్చును. కుటుంబమునకు అది జ్ఞాపకము; ఊరికి అది చరిత్రాధారము.

ఈ చిత్రములు చెడు విధములు వేరువేరు. నలుపు తెలుపు చిత్రములలో నుండునది సన్నని వెండికణముల సమూహము. తేమకును గాలిలోని వాయువులకును ఆ వెండి మారి చిత్రము పచ్చబారును, అంచులయందు అద్దమువలె మెరయును. 1970 ప్రాంతపు రంగు చిత్రములలో నుండునవి రసాయనపు రంగులు. వానిలో నీలము, పసుపు ముందుగా వెలిసి, బొమ్మ యంతయు ఎర్రబారును. దీనిపై బూజు, చెదలు, జిగురు ఆల్బముల మరకలు. పాడగుచున్న చిత్రమును గోడనుండి తీసి ప్లాస్టికు పొరలో వేడిచేసి అతికించుట పెద్ద పొరపాటు. ఒకసారి అతికినది మరల రాదు.

స్కాను చేయుటకు ముందు మెత్తని కుంచెతో దుమ్ము తుడువవలయును. నీరు, సబ్బు తగులరాదు. నాలుగు అంగుళములు, ఆరు అంగుళముల కొలతగల చిత్రమును అంగుళమునకు 600 బిందువుల చొప్పున స్కాను చేసినచో 86 లక్షల 40 వేల బిందువులు వచ్చును. కుదింపకుండ దాచినచో సుమారు 26 మెగాబైట్లగును. మూలపు స్కానును టిఫ్ రూపమున దాచుట మేలు. జెపెగ్ రూపము చోటు తక్కువ తీసికొనునుగాని, దిద్దిన ప్రతిసారి కొంత వివరము పోగొట్టుకొనును. ఈ మొదటి స్కానుపై ఏ మార్పును చేయరాదు. దిద్దుబాటు లన్నియు వేరొక ప్రతిపై జరుగవలయును. ఆ ప్రతిపై వెలుగునీడలను సరిచేయవచ్చును. గీరలను, మరకలను తీయవచ్చును. చినిగిన రెండు ముక్కలను కలుపవచ్చును. చిత్రము వెనుక వ్రాత యున్నచో వెనుకవైపు కూడ స్కాను చేయవలయును. స్టూడియో ముద్రయొక్కటే ఊరిని, కాలమును నిర్ణయించిన సందర్భములు తక్కువ కావు.

మరమ్మతు, కల్పన

కన్ను పోయిన చిత్రములో కన్ను గీయవచ్చునా? ఇదియే ఈ కాలపు చిక్కు. నేటి కృత్రిమమేధా యంత్రములు మసకబారిన ముఖమును క్షణములో తేటపరచును. నలుపు తెలుపు చీరకు రంగు వేయును. ఆ ముఖము ఆ మనిషిది కాదు. యంత్రము చూచిన లక్షలాది యితర ముఖములనుండి ఊహించినది. ఆ చీర నిజముగ ఎరుపో ఆకుపచ్చయో యంత్రమునకు తెలియదు.

రంగులను నిజముగ పునరుద్ధరించుట యెట్టిదో రష్యాదేశపు ప్రొకూదిన్ గోర్‌స్కీ చిత్రములు తెలుపును. 20వ శతాబ్దారంభమున ఆయన ప్రతి దృశ్యమును నీలము, ఆకుపచ్చ, ఎరుపు గాజుల ద్వారా మూడుసార్లు చిత్రించెను. ఆ 1,902 గాజు నెగటివులను అమెరికా కాంగ్రెసు గ్రంథాలయము 1948లో కొన్నది; తరువాత కంప్యూటరుపై మూడు ఛాయలను ఒకదానిపై నొకటి సరిగా పేర్చి రంగు చిత్రములను వెలువరించినది. అచ్చట రంగు ఊహ కాదు. గాజుపలకలలో నిక్షిప్తమై యున్నదే బయటకు వచ్చినది. పెండ్లి చిత్రమునకు యంత్రము వేయు రంగునకు అట్టి ఆధారమేదియు లేదు.

ఇంటి గోడకు తగిలించుకొనుటకు తాతగారి బొమ్మకు రంగు వేయించుకొనుట తప్పు కాదు. పూర్వము చిత్రకారులు చేతితో రంగులద్దిన చిత్రములు ఎన్ని లేవు? అయితే ఆ ప్రతిపై 'రంగు వేయబడినది' అని స్పష్టముగ వ్రాయవలయును. మూలమును దాని ప్రక్కనే యుంచవలయును. అట్లు వ్రాయని ప్రతి రెండు చేతులు మారినచో మూలమని చెలామణి యగును. మనుమరాలి కూతురు ఆ యంత్రపు ముఖమునే తన పూర్వుల ముఖమని నమ్మును. పటములందును ఇంతే: చినిగిన చోట చెరువు గట్టు ఇట్లే సాగియుండునని గీత గీసినవాడు, తెలియకయే ఒక దొంగసాక్ష్యమును సృష్టించినవాడగును. చినుగును చినుగుగనే చూపుట మేలు.

భద్రత

కంప్యూటరులో దాచినంతమాత్రమున వస్తువు శాశ్వతమగునని తలపరాదు. 2023 అక్టోబరులో లండనులోని బ్రిటిషు గ్రంథాలయముపై కంప్యూటరు దాడి జరిగి, దాని డిజిటల్ వ్రాతప్రతులు నెలల తరబడి పాఠకులకు అందలేదు. మెకంజీ సేకరణలోని చిత్రములు అనేకములు ఆ గ్రంథాలయమునందే కలవు. అంత పెద్ద సంస్థకే ఆ స్థితి వచ్చినప్పుడు ఒక్క చరవాణిలో దాచిన కుటుంబచిత్రముల సంగతి వేరుగ చెప్పనక్కర లేదు. ప్రతులు మూడుండవలయును, రెండు వేరువేరు సాధనములలో నుండవలయును, ఒకటి వేరొక ఊరిలో నుండవలయును. మూలచిత్రమును మాత్రము స్కాను అయినదని పారవేయరాదు. రేపు ఇంతకంటె మేలైన యంత్రము వచ్చును. అప్పుడు మరల మూలమే కావలసివచ్చును.

ఉపసంహారము

యంత్రములు నానాట చౌకయగుచున్నవి. స్కానింగు ఈ యేడు కాకున్న వచ్చే యేడు జరుగవచ్చును. ఆలస్యము సహింపనిది ఒక్కటే కలదు. బృంద చిత్రములో ఎడమనుండి మూడవవారెవరో చెప్పగల పెద్దలు, కాడుగోడి పరిసరములలో ఏ చెరువుకు ఏ అలుగుండెనో చూపగల పెద్దలు నేడున్నారు. వారు వెడలిన పిమ్మట ఏ కంప్యూటరును ఆ పేరులను తిరిగి తేలేదు. హికీ చిత్తరువులోని సహాయకులకు జరిగినదే ఈ చిత్రములలోని వారికిని జరుగును.

ప్రతి తెలుగు కుటుంబమును ఒక సెలవుదినమున పెట్టె తెరచి, పెద్దలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, చిత్రము వెనుక మెత్తని పెన్సిలుతో నాలుగు సంగతులు వ్రాయవలయును: ఎవరు, ఎచ్చట, ఎప్పుడు, ఎవరు చెప్పిరి. తెలియనిచో ఆ చోటు ఖాళీగ విడువవలయును. ఆ వ్రాత తెలుగున ఉండుట మేలు. పేరులు తమ అక్షరములలో తాముండును. పునరుద్ధరణము అచ్చట ఆరంభమగును. కంప్యూటరు పని దాని తరువాతిది.